మెడపైన జంతువు, మెడకింద సిపాయి

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను తీసుకున్న లంచం ఒక్కటే. అది ఒక చెప్పుల డబ్బా. అందులో ఇరవై మూడు మంది సీసపు సిపాయిలు ఉన్నారు. ఒక్కడికీ తల లేదు.

అవి ఎనభైల చివరి రోజులు. గద్వాలకూ వనపర్తికీ మధ్య ఉన్న ఒక మండల కేంద్రంలో, మండలాఫీసులో నేను జూనియర్ అసిస్టెంటుని. ఊరి పేరు చెప్పను. ఇందులో వచ్చేవాళ్ళు కొందరు ఇంకా పెన్షను తీసుకుంటున్నారు. ఒకరోజు, బొంబాయిలో ఇళ్ళకు సున్నాలు వేసుకుని బతికే ఒకాయన నివాస ధ్రువపత్రం కోసం వచ్చాడు. ఏడాదిలో పది నెలలు బొంబాయిలో ఉండే మనిషి ఈ ఊళ్ళోనే ఉంటున్నాడని మేము రాసివ్వాలి. అలాంటివాళ్ళను కనీసం మూడుసార్లు తిప్పి పంపడం మా ఆఫీసు పద్ధతి. తిప్పే బాధ్యత ఉన్న సీనియర్ అసిస్టెంటు ఆవేళ సెలవులో ఉన్నాడు. తిప్పడం నాకింకా చేతకాక, ఆ పూటే కాగితం చేతికిచ్చాను. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. ఇందులో ఏదో మోసం ఉందనే అనుకున్నట్టున్నాడు.

మరుసటి ఎండాకాలం ఊరికి వచ్చినప్పుడు నేరుగా మా ఇంటికి వచ్చి ఆ డబ్బా నా చేతిలో పెట్టాడు.

"నేను సున్నమేసిన ఇంట్ల ఒక సాబు సామాను ఖాళీ జేస్తుండె సారూ. గీ డబ్బ పారేస్తుంటే మీరు యాదికొచ్చిండ్రు."

మూత తీశాను. బొటనవేలి పై గణుపంత సిపాయిలు. చేతుల్లో కత్తులు, గొడ్డళ్ళు, భుజాల మీద కప్పుకున్న గుడ్డలు. మెడ ఉండాల్సినచోట మాత్రం ఒక గుంట.

"తలలేవి?" అన్నాను.

"తలల్లేవు సారూ. నేను తియ్యలే."

తలల్లేని సిపాయిలను చూస్తే మండలాఫీసు మనిషి ఎందుకు గుర్తొచ్చాడో నేను అడగలేదు.

డబ్బా అడుగున తడిసి ఎండిన ఒక ఇంగ్లీషు పుస్తకం కూడా ఉంది. మా ఆఫీసులో ఇంగ్లీషు దిట్ట టైపిస్టు. నాగర్‌కర్నూలు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. ఆయన ఆ పుస్తకాన్ని మూడు మధ్యాహ్నాలు అన్నం గిన్నె పక్కన పెట్టుకుని చదివి సంగతి తేల్చాడు.

"ఇది ఆట తమ్మీ. పెద్దోళ్ళాడేది. బల్లమీద కొండలు, అడవి పెట్టుకొని టేపుతోని కొల్సుకుంట యుద్ధం జేస్తరు. గీళ్ళు అడవిల ఉండే జాతి. మెడపైన జంతువు, మెడకింద మనిషి. తలలు విడిగొస్తయి, మనమే అతికించుకోవాలె. గా తలల పొట్లం పోయింది."

"మరి ఇగ ఎందుకు పనికొస్తయన్నా?"

"తల లేకుంటే ఏమైంది? మన ఆఫీసు నడుస్తలేదా?" అన్నాడు, పుస్తకంలోంచి కళ్ళెత్తకుండా.

తలలు దొరికే దారి నాకు మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే తట్టింది. ఆ రోజుల్లో ఒక రకం టూత్‌పేస్టు డబ్బా కొంటే లోపల చిన్న ప్లాస్టిక్ జంతువు ఉచితంగా వచ్చేది. మా కిటికీ గూట్లో ఒక మేకపోతు అప్పటికే దుమ్ము పట్టి ఉంది. దాని తల కోసి సిపాయి మెడ మీద పెట్టి చూశాను. అందుకోసమే పుట్టినట్టు కూర్చుంది.

ఇంకా ఇరవై రెండు తలలు కావాలి. ఒక్క సంసారం అంత పేస్టు వాడలేదు. టైపిస్టు ఆఫీసులో ప్రచారం మొదలుపెట్టాడు. వేపపుల్ల తోముకుంటే చిగుళ్ళు అరుగుతాయని పట్నం డాక్టర్లు తేల్చారని ఆయన చెప్పిన మాట పూర్తిగా ఆయన సొంతం. మూడు నెలల్లో అటెండరుతో సహా అందరూ ఆ పేస్టుకు మారారు. ఇళ్ళలో వచ్చిన జంతువులను టపాలతోపాటు తెచ్చి నా బల్లమీద పెట్టేవారు. పళ్ళు తెల్లబడినందువల్ల కాబోలు, మా సీనియర్ అసిస్టెంటు దరఖాస్తుదార్లను చూసి నవ్వడం మొదలుపెట్టాడు. వాళ్ళు మాత్రం అది చూసి మరింత భయపడ్డారు.

చివరికి లెక్క ఇలా తేలింది. మేకలు ఏడు, ఏనుగులు ఆరు, ఎద్దులు నాలుగు, ఒంటెలు మూడు, ఎలుగుబంట్లు రెండు, జింక ఒకటి.

పని ఆదివారాలు చేసేవాణ్ణి. ప్లాస్టిక్ తలకు కింద వేడి సూదితో రంధ్రం చెయ్యాలి. అందులో గుండుసూది ముక్క గుచ్చి, రెండో కొసను సీసపు మెడలోకి దించాలి. గుండుసూదులు ఆఫీసువి. చుట్టూ ఉన్న సందును పూడ్చడానికి, నల్లా పైపులు కారకుండా రెండు ముద్దలు కలిపి పిసికి పూస్తారే, ఆ మైనం లాంటిది వాడాను. అది గట్టిపడేలోపు తడిపిన అగ్గిపుల్లతో మెడ నరాలు తీర్చాలి, సూదిమొనతో వెంట్రుకలు గీయాలి. మొదటి నాలుగు మేకలు మెడకు గోనెపట్టా చుట్టుకుని జ్వరంతో పడుకున్నవాళ్ళలా వచ్చాయి. రంగులు బండ్లకు నంబరు పలకలు రాసే పెయింటరు దగ్గర తెచ్చాను. మెరుపుకు పైన మా ఆవిడ గోళ్ళరంగు, రంగులేనిది, ఒక పూత వేశాను. ఆమె సీసా ఖాళీ అయిన రోజు తెలిసింది.

"గా ఒంటెకు గోళ్ళే లేవు, గోళ్ళరంగెందుకు?" అంది.

మా పని చూడ్డానికి మొదట వచ్చినవాడు పశువుల దవాఖాన కాంపౌండరు. రాజోలి దిక్కు మనిషి. నది దాటి వచ్చే మాటల్లోంచి రెండు మూడు కన్నడం ముక్కలు ఎప్పుడూ నోట్లో ఉండేవి. ఆదివారం చర్చి అవగానే మా ఇంటికి వచ్చి, బొమ్మలను వరసగా నిలబెట్టి, దవాఖానకు వచ్చిన పశువులను చూసినట్టే చూశాడు.

"ఎద్దుకు పైదవడల ముందటి పండ్లుంటయా? ఏ ఊరి ఎద్దిది?"

"పండ్లుంటె కోపంగ కనిపిస్తదని పెట్టిన."

"కోపమొస్తె ఎద్దు కరుస్తదా? తీసెయ్. మేక కన్ను జూడు, పాప గుండ్రంగ పెట్టినవ్. మేకకు అడ్డంగుంటది. గిట్లుంటే పిట్టనుకుంటరు. సాకప్పా, సాకు."

ఇక చాలు అని ఆయన అర్థం. ఎద్దుల పళ్ళు ఊడదీసి, ఏడు మేకల పధ్నాలుగు కళ్ళు మళ్ళీ వేశాను.

నాన్న గద్వాలలో మగ్గం నేసేవాడు. ఒక పడుగు దిగి ఇంకో పడుగు ఎక్కేలోపు నాలుగు రోజులు మా దగ్గరికి వచ్చి పోవడం అలవాటు. ఆసారి వచ్చి బల్లమీది వరసను ఒక కొసనుంచి ఇంకో కొసదాకా చూశాడు.

"నా కొడుకు సర్కారు నౌకరి జేస్తుండని అందరికి చెప్పుకుంట తిరుగుతున్న," అన్నాడు చివరికి. "నువ్వేమో బొమ్మలకు గొర్రె మూతులు పెడ్తున్నవ్."

"గొర్రె కాదు నాయినా, మేక."

"మేకైతె ఇజ్జత్ ఉంటదా?"

అన్నాడే కాని, అందులో నాయకుణ్ణి, పెద్ద కొమ్ములవాణ్ణి, చేతిలోకి తీసుకుని మెడ చుట్టూ బొటనవేలి గోరుతో రాశాడు. "అతుకు తెలుస్తుంది," అన్నాడు. "నూలు బట్టకు పట్టంచు కలుపుత నేను. గోరుకు తగిలిందంటె షావుకారు చీర వాపసిస్తడు. కండ్లతోని చూస్తె తెల్వదు, గోరుకే తెలుస్తది." ఆ రోజంతా కూర్చుని ఇరవై మూడు మెడలనూ గరుకు కాగితంతో అరగదీశాడు. నల్లరంగును పలచగా కలిపి ఒంటినిండా పూసి, గుడ్డతో తుడిస్తే ముడతల్లో నలుపు నిలిచి బొమ్మకు ప్రాణం వస్తుందని చూపింది కూడా ఆయనే. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, ముసలివాళ్ళ మొహాలు చూసి నేర్చుకున్నానన్నాడు.

తరువాతి సారి వచ్చినప్పుడు చిన్న కుంచె ఒకటి తెచ్చుకున్నాడు. ఉడుత వెంట్రుకల కుంచెలో మూడు వెంట్రుకలు ఉంచి మిగతావి కత్తిరించేశాడు. దానితో నాయకుడి భుజం మీది గుడ్డకు, చింతగింజంత గుడ్డకు, ఎర్ర కోటకొమ్మ అంచు వేయడం మొదలుపెట్టాడు. అచ్చంగా గద్వాల చీర అంచు. ఒక పూటకు రెండు కొమ్మలు పూర్తయ్యేవి.

ఇంటి యజమానురాలు పక్క భాగంలోనే ఉండేది. ఒక ఉదయం నేను ఆఫీసుకు పోయాక లోపలికి వచ్చి, ఆరు ఏనుగుతలల సిపాయిలకూ కుంకుమబొట్లు పెట్టి, తలా ఒక గన్నేరుపువ్వు పెట్టి పోయింది. రంగు ఇంకా తడిగానే ఉండడంవల్ల బొట్లు అలాగే అంటుకుపోయాయి. దీని ప్రభావం ఆట మొదలయ్యాక తెలిసింది. ఏనుగుల వైపు ఎవరున్నా గెలుస్తున్నారు. "బొట్టు పెట్టినంక వినాయకుని మీద గొడ్డలెట్ల ఎత్తాలె తమ్మీ," అన్నాడు టైపిస్టు. కాంపౌండరు క్రైస్తవుడు. తానొక్కడే కొడితే బాగుండదని ఆయనా కొట్టలేదు. ఆ ఆరుగురినీ చివరికి అటు ముగ్గురు ఇటు ముగ్గురుగా పంచి, వాళ్ళమధ్య శాశ్వత సంధి చేశాం.

ఆటకు బల్ల ఇంటి యజమాని పాత తలుపు. కొండలు రంపపు పొట్టును పిండిజిగురుతో కలిపి చేసినవి. అడవికి నాన్న ఆకుపచ్చ అద్దకం నీళ్ళలో ముంచి ఎండబెట్టిన పొట్టు. పాచికలు దొరకక గవ్వలు వేశాం. కొలవడానికి సర్వేయరు దగ్గర తెచ్చిన పాత టేపు. ఇక నియమాలు. ఇంగ్లీషు పుస్తకాన్ని టైపిస్టు తెలుగులోకి మార్చి తెలుగు మిషను మీద కొట్టాడు. ఆయన పద్దెనిమిదేళ్ళుగా ఒకే రకం తెలుగు కొట్టాడు. వేళ్ళకు వేరే తెలుగు రాదు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మేకతల సిపాయి ఒక విడతకు ఆరు అంగుళములు మాత్రమే కదలవలెను. కొండ ఎక్కు సందర్భమున అందులో సగము మాత్రమే అనుమతింపబడును. శత్రు స్థావరమునకు కొండ వెనుకనుండి చేరి ఆకస్మిక దాడి జరుపగోరువారు ఆ విషయమును ముందుగా ప్రకటింపనవసరము లేదు. మరణించిన సిపాయిని వెంటనే బల్లపైనుండి తొలగింపవలెను. ఖాళీని భర్తీ చేయరాదు."

ఆడింది మేము ముగ్గురం. అయినా కొట్టింది ఐదు కాపీలు. ఐదు కాపీలు కొట్టకుండా మిషను ముందునుంచి లేవడం ఆయన చేతకాదు. మూడు మాకు, ఒకటి దస్త్రానికి. ఐదోదాన్ని అలవాటుకొద్దీ కుడివైపు ట్రేలో పడేశాడు. కుడివైపు ట్రేలో ఉన్నది ఏదైనా అటెండరు కవరులో పెట్టి పై ఆఫీసుకు పంపుతాడు. పంపాడు.

మేము ప్రతి నెలా పంపే నివేదికలను పై ఆఫీసులో ఎవరూ చదవరని మా ఆఫీసులో అందరికీ అనుభవమే. ఈ ఒక్క కాగితాన్ని చదివారు. అటు నల్లమల వైపునుంచి నక్సలైట్ల గురించి రోజుకో కబురు వినిపించే కాలం అది. కొండ, స్థావరం, ఆకస్మిక దాడి ఒకే కాగితంమీద కనిపిస్తే ఎవరికైనా చెమటలు పడతాయి. పైగా అడుగున మా ఆఫీసు పేరు, 'యథార్థ నకలు' అన్న మాటలు ఉన్నాయి. అంగుళమంటే మైలు అయ్యుంటుందని అక్కడ ఎవరో తేల్చారు. మేకతల అంటే ఎవరో మాత్రం తేలలేదు. 'తగు చర్య నిమిత్తం' అని రాసి ఠాణాకు పంపేశారు.

ఆదివారం మధ్యాహ్నం మేము ముగ్గురం ఆటలో ఉండగా జీపు వచ్చింది. ఎస్సై చాలా చిన్నవాడు, నల్గొండ దిక్కు నుంచి కొత్తగా వచ్చాడు. వెంట ఒక హెడ్ కానిస్టేబులు. రిటైరుకు దగ్గరపడిన మనిషి, ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తాడని పేరు. ఎస్సై కాగితం చూసుకుని అడిగాడు.

"సైన్యం యాడుంది?"

బల్ల చూపించాను. ఆయన వంగి చూశాడు. టోపీ తీసి మళ్ళీ చూశాడు.

"గీ మ్యాపు ఏ అడవిది?"

"ఏ అడవిదీ కాద్సార్. రంపపు పొట్టు."

"వీళ్ళెవరు?"

"ఎవరూ కాద్సార్. టూత్‌పేస్టుల వచ్చిండ్రు."

కాంపౌండరు సాయానికి వచ్చి, మేక కంటిపాప అడ్డంగా ఎందుకుంటుందో చెప్పడం మొదలుపెట్టాడు. దానివల్ల మా పరిస్థితి మెరుగుపడలేదు. పై నుంచి కాగితం వచ్చాక ఏదో ఒకటి స్వాధీనం చేసుకోకుండా తిరిగిపోవడానికి వీల్లేదని ఎస్సై కొంచెం ఇబ్బందిగానే చెప్పాడు. వీధిలో ఉన్న దర్జీని, ఇంటి యజమానిని సాక్షులుగా కూర్చోబెట్టారు. హెడ్ కానిస్టేబులు కాగితంమీద నిలువు గీతలు గీసి, ఒక గడి మీద 'మనుషుల బొమ్మలు', ఒక గడి మీద 'జంతువుల బొమ్మలు' అని రాసుకున్నాడు. మొదటి బొమ్మను ఎత్తిపట్టుకుని ఆగిపోయాడు.

"సార్, దీన్ని మనిషి కింద రాయాల్నా, పశువు కింద రాయాల్నా?"

ఎస్సై ఎండకు, ఉక్కకు విసిగిపోయి ఉన్నాడు. "రెండిట్ల రాయి," అన్నాడు.

ఆయన రెండింట్లోనూ రాశాడు. ఇరవై మూడింటికీ అలాగే. ఆయుధాలు కూడా వదల్లేదు. గొడ్డలి ఒకటి, పొడవు బియ్యపుగింజంత. కత్తి ఒకటి, కొన వంగినది. గవ్వలు నాలుగు. టేపు ఒకటి, అది సర్వేయరుదని చెప్పినా రాశాడు. రాస్తున్నంతసేపు నాన్న గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. మేకల నాయకుణ్ణి సంచిలో వేయబోతుంటే మాత్రం లేచి వచ్చాడు.

"వాని అంచు తడి ఆరలే సార్. భుజం దిక్కు పట్టకుండ్రి. జర పైలం."

హెడ్ కానిస్టేబులు ఆ మాట విని, నాయకుణ్ణి విడిగా తన చేతిరుమాలు మీద పడుకోబెట్టి, జీపులో ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయాడు.

మా సైన్యం ఠాణాలో ఒక బిస్కట్ల డబ్బాలో ఉంది. ఊరంతా చూడ్డానికి పోయింది. మా ఆఫీసువాళ్ళు ఏదో ఒక పని పెట్టుకుని ఒక్కొక్కరే వెళ్ళొచ్చారు. ఆ ఒంటెతలవాడు అచ్చం సీనియర్ అసిస్టెంటేనని అటెండరు అన్నాడు. ఎలుగుబంటి ఎమ్మార్వోగారని సీనియర్ అసిస్టెంటు నా చెవిలో అన్నాడు. ఎమ్మార్వోగారు నన్ను పిలిచి, ఆ రెండో ఎద్దును మా టైపిస్టును చూసి చేశారా అని అడిగారు. నేను ఎవర్నీ చూసి చెయ్యలేదు. పోయినవాళ్ళలో ఎవరికీ తాను కనిపించలేదు, పక్కవాడు మాత్రం అందరికీ కనిపించాడు.

రెండు వారాలకు పై నుంచి జవాబు వచ్చింది. ఇందులో ఏమీ లేదు, వస్తువులు వాపసు ఇచ్చేయమని. సంతోషంగా పోయాం. హెడ్ కానిస్టేబులు డబ్బా తెరిచి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మొహం పాలిపోయింది.

"పంచనామల మనుషులు ఇరవై మూడు, జంతువులు ఇరవై మూడు. నలభై ఆరుండాలె. గిక్కడ ఇరవై మూడే ఉన్నయి."

"అవే ఇవి," అన్నాడు టైపిస్టు.

"మీకు తెలుసు, నాకు తెలుసు. కాగితానికి తెల్వది గదా సారూ. ఠాణాలకెల్లి ఇరవై మూడు మాయమైనట్టయితది. రేపో మాపో నేను రిటైరైతున్న. గీ లెక్క తేలకుంటె నా పింఛను ఆపుతరు." ఆయన కుర్చీలో కూర్చుని తల పట్టుకున్నాడు. "ముప్పై మూడేండ్లు చేసిన. ఒక్క కొట్టివేత లేకుంట రాసిన. ఆఖరికి మీ మేకలల్ల ఇరుక్కున్న."

కొట్టేసి దిద్దమని ఎస్సై అన్నాడు. సాక్షుల సంతకాలు పడ్డ కాగితాన్ని దిద్దితే అది ఇంకో నేరం అన్నాడు హెడ్ కానిస్టేబులు. ఇంకో ఇరవై మూడు టూత్‌పేస్టులు కొందామని నేనన్నాను. నాకు ఆయనను చూస్తే నిజంగానే బాధేసింది. మా ఆదివారాల సరదా ఆయన పింఛను మీదికి వస్తుందని మేమెవరం అనుకోలేదు.

దారి చూపింది కాంపౌండరే. మనిషో పశువో తేల్చాల్సింది పోలీసులు కాదు, పశువుల డాక్టరు అన్నాడు. మర్నాడు డాక్టరును వెంటబెట్టుకుని ఠాణాకు వచ్చాడు. ఆయన ఎప్పుడూ నవ్వని మనిషి. బొమ్మలన్నింటినీ బల్లమీద నిలబెట్టించి, ఒక్కొక్కదాని మెడా నొక్కి చూశాడు. ఇలాంటి పనికి వేరే ఫారం లేకపోవడంతో, ఎద్దు దుక్కికి పనికొస్తుందని ఇచ్చే పత్రం మీద కొట్టివేతలు చేసి రాశాడు.

"పై ఇరువది మూడింటిని స్వయముగా పరీక్షించితిని. మెడపైన జంతువు, మెడకింద సిపాయి. రెంటిని విడదీయుట సాధ్యము కాదు, విడదీసిన పక్షమున ఏదియు మిగలదు. కావున ఒక్కొక్క దానిని ఒక్కటిగానే లెక్కింపదగును. దుక్కికి పనికిరావు."

హెడ్ కానిస్టేబులు ఆ పత్రాన్ని మూడుసార్లు చదువుకుని పంచనామాకు కుట్టాడు. డాక్టరు చేతులు పట్టుకున్నాడు. తరువాత నా వైపు తిరిగి, నాయకుణ్ణి రుమాలులోంచి తీసి ఇచ్చాడు. అంచు ఎక్కడా చెదరలేదు. మిగతావాళ్ళందరి కాళ్ళకూ ఠాణావాళ్ళు వేసిన లక్క ముద్రలు కరిచి ఉన్నాయి. అవి ఊడదీస్తే పాదాలు విరిగేట్టున్నాయని వదిలేశాం. తరువాతి యుద్ధాలన్నింట్లో మా సిపాయిలు ఎర్రటి గుట్టల మీద నిలబడే పోరాడారు.

ఠాణా వదిలినా ఆఫీసు వదల్లేదు. ప్రభుత్వ గుండుసూదులు ఇరవై మూడు, కార్బను కాగితాలు, ఠావులు దుర్వినియోగం చేసినందుకు మీమీద చర్య ఎందుకు తీసుకోరాదో వివరించమని మా ఇద్దరికీ మెమో వచ్చింది. టైపిస్టుకు వచ్చిన మెమోను టైపు చేయాల్సింది కూడా టైపిస్టే. ఎన్ని కాపీలు కొట్టమంటారని ఎమ్మార్వోగారినే అడిగాడు. నన్ను మందలించి వదిలేశారు. టైపిస్టును మాత్రం శిక్షగా నాగర్‌కర్నూలుకు బదిలీ చేశారు. సొంత ఊరికి బదిలీ కోసం ఆయన ఆరేళ్ళుగా దరఖాస్తులు పెడుతున్నాడు. అవన్నీ ఐదేసి కాపీలు. బదిలీ ఉత్తర్వును మొహం వీలైనంత దిగులుగా పెట్టుకుని అందుకున్నాడు.

పోతూ పన్నెండు మంది సిపాయిలను పట్టుకుపోయాడు. ఆట తరువాత పోస్టుకార్డుల మీద సాగింది. నాలుగో మేక కుడివైపు ఆరంగుళాలు, మూడో ఒంటె ఉన్నచోటనే, అని రాసేవాడు. నేను బల్లమీద గుర్తులు పెట్టి జవాబు రాసేవాణ్ణి. ఒక్కో దాడి ఎనిమిది రోజులు పట్టేది. మా వీధి పోస్టుమన్ కార్డులన్నీ చదివేవాడని నాకు ఆలస్యంగా తెలిసింది.

"ఎడమ దిక్కుకెల్లి పోండ్రి సార్," అన్నాడు ఒకరోజు కార్డు అందిస్తూ. "ఆయన అక్కడ ఎవర్ని పెట్టలే."

అలాగే పోయాను. గెలిచాను. నాగర్‌కర్నూలు నుంచి రెండు నెలలు కార్డు రాలేదు.

ఆ మరుసటి ఏడాది ఎస్సైకి బదిలీ అయింది. పోయేముందు ఒక పొద్దున మామూలు బట్టల్లో మా ఇంటికి వచ్చాడు. నాన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఎస్సై కాసేపు అవీ ఇవీ మాట్లాడి, తలుపు బల్ల మీదకు చూస్తూ, తనకొక బొమ్మ చేసివ్వగలనా అని అడిగాడు. బల్లమీద పెట్టుకుంటాడట.

"ఏ తల పెట్టాలె సార్?" అన్నాను.

"మీకేది మంచిగనిపిస్తె గది."

ఆయన పోయాక నాన్నా నేనూ చాలాసేపు ఆలోచించాం. ఒక పోలీసు అధికారికి ఏ జంతువు తల ఇవ్వాలి. కుక్క వద్దు, పంది అసలే వద్దు. గుర్రం బాగుంటుంది కానీ పేస్టులో ఎప్పుడూ రాలేదు. జింకను ఇస్తే పిరికివాడన్నట్టుంటుంది. పులి కూడా రాలేదు, వచ్చినా పొగడ్త అనుకుంటారు. "ఇగ మనిషి తలే పెట్టు," అన్నాడు నాన్న. "ఎవరేమంటరు?"

విరిగిన ఒక మేక సిపాయి ఒంటిని తీసుకుని, ఆ రెండు ముద్దల మైనంతో మనిషి తల చేయడానికి కూర్చున్నాను. నాలుగు ఆదివారాలు పట్టింది. మేకను చేసిన చేతికి, ఎలుగుబంటిని చేసిన చేతికి మనిషి ముక్కు రాలేదు. ముక్కు నిలబెడితే నోరు పోయింది, నోరు తీరిస్తే కళ్ళు దగ్గరికి వచ్చాయి. చివరికి కాంపౌండరు వచ్చి చూసి, "కోతి మంచిగొచ్చింది," అన్నాడు.

ఎస్సై వచ్చినప్పుడు దాన్ని ఆయన అరచేతిలో పెట్టి, కోతి అని చెప్పాను. ఆయన వెలుతురులోకి పోయి అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహంలో ఏదో కదిలింది.

"అచ్చం మా నాయన లెక్కనే ఉండు," అన్నాడు.

నవ్వాలో వద్దో మాకెవరికీ తెలియలేదు. నాన్న లోపలికి వెళ్ళి, మగ్గం మీద మిగిలిన పట్టుముక్క ఒకటి తెచ్చి బొమ్మను అందులో చుట్టి ఇచ్చాడు. ఎస్సై దాన్ని చొక్కా పైజేబులో పెట్టుకుని, బొత్తం వేసుకుని, మోటారుసైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు.